ముందు చక్రానికి ఎన్ని పూతలు?

ఫిబ్రవరి 2

మావయ్యా,

ముందు స్టూలు మీద కూర్చో. చేతిలో పానా ఉంటే కింద పెట్టు. కూర్చున్నావా? నాకు చోటు దొరికింది!

మార్చి రెండు, ఆదివారం, మా ఊరి నడిబజారులో క్రిటీరియం, అదే, వీధుల్లో చుట్లు తిరిగే సైకిలు పందెం. ఏటా జీతం తీసుకుని తొక్కే అమ్మాయిలే తొక్కే పందెం అది. ఈసారి మాలాంటివాళ్ళకి, అంటే పగలు ఉద్యోగం చేసుకుని మిగిలిన ఊపిరితో సైకిలు తొక్కేవాళ్ళకి, ఆరు చోట్లు వదిలారు. ఎంపిక పందెంలో ఆరోదాన్ని నేను. ఏడో మనిషికీ నాకూ మధ్య తేడా ఒక టైరు వెడల్పు. నాకు ముప్పై ఏడు. వచ్చే ఏటికి ఆ టైరు వెడల్పు అటువైపుకి పోతుంది. కాబట్టి ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

నీకు తెలిసిందే అయినా, అమ్మకి చదివి వినిపించడానికి పనికొస్తుందని రాస్తున్నా. వీధులు మూసేస్తారు. కిలోమీటరు చుట్టు, నలభై చుట్లు. ముందున్నవాళ్ళు ఒక చుట్టు తిరిగొచ్చి నిన్ను వెనకనుంచి పట్టుకున్నారంటే, జెండా మనిషి ఈల వేసి పక్కకి లాగేస్తాడు. అంతే, ఇంటికి పో.

నా ముందు చక్రం రిమ్ము పగులు పట్టింది. నీ చేతి చక్రాలు కావాలి. అంగట్లో దొరికేవి కాదు, జిగురుతో టైరు అంటించి నువ్వు చేసేవి.

అమ్మకి నువ్వే చెప్పు, మెల్లిగా. లారీ గుద్ది నా భుజం విరిగి ఐదేళ్ళయినా, ఆమె లెక్కలో అది నిన్నటి సంగతే.

నీ పిచ్చుక

తా.క. కొత్త పళ్ళ సెట్టు ఎలా ఉంది? గట్టివి కొరకొద్దని చెప్పాను. కొరికే ఉంటావు.

*

ఫిబ్రవరి 6

పిచ్చుకా,

కొరికాను. పళ్ళు బాగానే ఉన్నాయి, పాపం స్పోకే కాస్త వంగింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి నాకోసం, ఒకసారి మీ అమ్మకి, ఒకసారి మన సైకిలు కొట్టు ముందు టీ తాగుతున్న ప్లంబరుకి. అతనికి సైకిళ్ళంటే గిట్టదు. అయినా లేచి నిలబడి విన్నాడు.

జీతగాళ్ళతో పోటీ అంటే గుర్తొచ్చింది. నా పాతికేళ్ళ వయసులో నేనూ ఒక జీతగాడి పక్కన తొక్కాను, తెలుసా? పదో చుట్టుకి నా గుండె నోట్లోకొచ్చేసింది. కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. వాడేమో పక్కకి తిరిగి, నెమ్మదిగా, "తమ్ముడూ, టైమెంతయింది?" అనడిగాడు. నా గడియారం చూసి చెప్పేలోపు కనపడకుండా పోయాడు. ఇప్పటికీ ఎవరైనా టైమడిగితే నాకు కాళ్ళు పీకుతాయి.

చక్రాల సంగతి. పాత రిమ్ములు రెండు దాచి ఉంచాను, బంగారం లాంటివి. నా పద్ధతి నీకు తెలుసు. రోజుకో జిగురు పూత. మొదటి పూత పరిచయం, రెండోది స్నేహం, మూడోది పెళ్ళి. పరిచయమైన చక్రం మొదటి కొక్కేనికి, స్నేహం కుదిరినది రెండోదానికి, మూడో పూతతో టైరు ఎక్కినది మూడోదానికి. ముందు చక్రాల కొక్కేలు మెట్ల పక్కన, వెనక చక్రాలవి పైన దూలానికి. బుర్రని నమ్ముకోకూడదు, కొక్కేన్ని నమ్ముకోవాలి. ముప్పై ఏళ్ళుగా ఒక్క టైరూ ఊడలేదు. టైరు ఊడితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు, మలుపులో చక్రం ఇటు, మనిషి అటు.

ఇక మీ అమ్మ సంగతి. అరుస్తుందనుకుని చెవి మిషను తీసి జేబులో కూడా పెట్టుకున్నాను. అరవలేదు, మిషను మళ్ళీ పెట్టుకున్నాను. "ఆ జిగురు ఆరడానికి ఎన్ని రోజులు పడుతుందిరా?" అని మాత్రం అడిగింది. ఇరవై ఏళ్ళుగా కొట్టు పైన ఈ మేడ మీద ఉంటూ మొదటిసారి నా పని గురించి అడిగింది! మనసు కరిగినట్టే ఉంది.

పన్నెండో తారీఖుకల్లా నీ చేతిలో ఉంటాయి.

మావయ్య

*

ఫిబ్రవరి 13

మావయ్యా,

పన్నెండు వెళ్ళిపోయింది. చక్రాలు రాలేదు. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, అమ్మే చెవిన పెట్టుకుని నీకు అరిచి చెప్పాలి. "ఇంకా ఆరలేదట" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసింది.

రోజూ పొద్దున్నే ఆ దారి చూసొస్తున్నాను. నాలుగు మలుపులు. మూడు మంచివి. నాలుగోది బేకరీ మూల. ఎత్తు పల్లం, మురుగు మూత, పక్కన రాతి గట్టు. అరవై మందిమి అక్కడికి ఒకేసారి వస్తాం. నిన్న మా పళ్ళు కట్టే లాబులో ఒక పెద్దాయన కింది దవడ పోతపోస్తూ ఆ మూల గురించే ఆలోచిస్తున్నాను. రెండు దంతాలు ఎక్కువ పెట్టాను.

పగిలిన రిమ్ముతో ఇంకో రెండు వారాలు సాధన చేయలేను. రాయి, ఎప్పుడు పంపుతున్నావో.

పిచ్చుక

*

ఫిబ్రవరి 17

పిచ్చుకా,

చక్రాలు ఇవాళ పార్సిలు బండిలో ఎక్కించాను. ఆలస్యమైంది, గాలిలో చెమ్మ. మీ అమ్మ శుక్రవారం పొద్దున్నే మీ పిన్ని మోకాలి ఆపరేషనని వెళ్ళి నిన్న సాయంత్రం వచ్చింది. వండుకోవడం, కొట్టు చూసుకోవడం అన్నీ నేనే. అదొకటి.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఈ ఏడు వదిలేస్తే ఏం? ఆరోదానివి అయ్యావు, అదే గొప్ప. పందెం చూడ్డానికి కూడా బాగానే ఉంటుంది, బేకరీ ముందు కుర్చీ వేసుకుని. జీతగాళ్ళతో మనకెందుకు? వాళ్ళ పనే అది. నా పాతికేళ్ళ వయసులో ఒక జీతగాడి పక్కన తొక్కాను, నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. నాకు ఊపిరాడటం లేదు. వాడు పక్కకి తిరిగి, "తమ్ముడూ, పెళ్ళయిందా?" అనడిగాడు. జవాబు చెప్పేలోపు లేడు. అలా ఉంటుంది వాళ్ళతో వ్యవహారం.

ఆలోచించు. చక్రాలు గోడకి తగిలించుకున్నా అందంగానే ఉంటాయి.

మావయ్య

*

ఫిబ్రవరి 21

మావయ్యకి,

చక్రాలు అందాయి. ఉత్తరం కూడా అందింది. ఒక చేత్తో ముందుకి తోసి ఇంకో చేత్తో చొక్కా పట్టుకుని లాగడం నీ దగ్గర ఎప్పుడూ చూడలేదు. అది అమ్మ విద్య. నేర్పిందన్నమాట.

ఆ జీతగాడి కథ పదిహేను రోజుల కిందటే రాశావు. అప్పుడు టైమడిగాడు, ఇప్పుడు పెళ్ళయిందా అన్నాడు. ఇంకో ఉత్తరం రాస్తే జాతకం అడుగుతాడేమో. ఒకే కథ రెండుసార్లు చెప్పి దెప్పాలా? నీ స్థాయి ఇంతే అని ఒక్క వాక్యంలో రాస్తే సరిపోయేదిగా.

అందరూ నన్ను ఆపాలని చూస్తారని తెలుసు. లాబు యజమాని, పక్కింటావిడ, అమ్మ. నువ్వు ఆ వరసలో నిలబడతావని మాత్రం అనుకోలేదు. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను సైకిలెక్కించి వెనక పట్టుకున్నానని అబద్ధం చెప్పి చెయ్యి వదిలేసినవాడివి నువ్వేగా?

తొక్కుతున్నాను.

మీ మేనకోడలు

*

ఫిబ్రవరి 24

పిచ్చుకా,

"మీ మేనకోడలు" అని సంతకం పెట్టావు. ఆ "మీ" గుండెలో ముల్లులా దిగింది. అయినా మంచిదే. దానివల్లే నిజం రాస్తున్నాను.

నిన్ను ఆపాలనుకున్నది నీ స్థాయి చూసి కాదు. నన్ను చూసి.

వెనక చక్రం మూడు రోజుల్లో అయిపోయింది, దాంట్లో ఏ అనుమానమూ లేదు. ముందు చక్రంతోనే వచ్చింది. రెండో పూత వేసి రెండో కొక్కేనికి తగిలించినట్టు నాకు బాగా గుర్తు. తెల్లారి చూస్తే మొదటి కొక్కేనికి ఉంది. సరే, పొరపాటున తగిలించానేమో అని మళ్ళీ పూత వేసి రెండోదానికి తగిలించాను. మర్నాడు మళ్ళీ మొదటిదానికే ఉంది! అలా ఎన్ని రోజులో కూడా ఇప్పుడు చెప్పలేను. అసలు పూత వేశానా, వేసినట్టు అనుకున్నానా? పాత రిమ్ము, పాత జిగురు మరకలు. నా కళ్ళకి తేడా తెలియదు. చివరికి ఒక రోజు, ఇంకా ఆలస్యమైతే నీకు అందవని, టైరు ఎక్కించేసి పంపాను. దాని కింద మూడు పూతలున్నాయో, ఒకటుందో, అసలేమీ లేదో దేవుడికే తెలియాలి.

మొన్న చెవులు చూపించుకుంటానని మీ అమ్మకి చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తోడొచ్చి బయట బల్ల మీద కూర్చుంది. నేను లోపల చెవుల మాటెత్తకుండా సంగతి చెప్పాను. కుర్ర డాక్టరు. గొడుగు, నారింజ, తాళం అని మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాడు. గడియారం గీసి పదకొండూ పది చూపించమన్నాడు. గీశాను, బాగానే గీశాను, కంపెనీ పేరు కూడా రాశాను. తర్వాత మూడు మాటలు అడిగితే గొడుగు, నారింజ వచ్చాయి. తాళం మెట్లు దిగుతుంటే వచ్చింది. వెనక్కెళ్ళి తలుపు తోసి "తాళం!" అని చెప్పొచ్చాను. లెక్కలోకి రాదన్నాడు.

ఇది ఫోనులో చెప్పలేను, ఫోను మీ అమ్మ చేతిలో ఉంది. ఆమెకి తెలిస్తే కొట్టుకి తాళం పడుతుంది. అందుకే పిరికివాడిలా జీతగాళ్ళ మీద నెట్టాను.

ఆ ముందు చక్రం ఎక్కకు. పందెం నీ ఇష్టం, చక్రం మాత్రం ఎవరిదైనా అడుక్కో. చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

మావయ్య

*

మార్చి 1

మావయ్యా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. రేపే పందెం. ఇది నీకు చేరేసరికి అయిపోయి ఉంటుంది. అయినా రాయకుండా ఉండలేకపోతున్నాను.

తిట్టినందుకు చెంపలేసుకున్నాను.

బొటనవేళ్ళతో టైరుని పక్కకి నెట్టి చూశాను. కదల్లేదు. ఒక్క పూత ఉన్నా చల్లగా ఉన్నప్పుడు కదలదని, రిమ్ము వేడెక్కితేనే జారుతుందని నువ్వే చెప్పావు. అందుకని లాబు వెనక వాలు దారిలో పదిహేనుసార్లు దిగాను, బ్రేకు పట్టుకునే. రిమ్ము చెయ్యి పెట్టలేనంత కాలింది. టైరు కదల్లేదు. నాతో సాధన చేసే నర్సు తన ముందు చక్రం ఇస్తానంది. దాన్ని గోడకి ఆనించి, నీదాన్ని పక్కన పెట్టి, అరగంట చూశాను.

నీది వదిలేసి ఆమెది ఎక్కితే, నీకు మతి పోయిందని నేను సంతకం పెట్టినట్టే. పెట్టను. మూర్ఖత్వమే. మన వంశంలో అది ఆడవాళ్ళకి వస్తుంది.

చేతులు చల్లబడిపోతున్నాయి. అది చక్రం వల్ల కాదు. కొంచెం చక్రం వల్లే.

నీ పిచ్చుక

*

మార్చి 3

మావయ్యా,

బతికున్నాను. ముందు ఆ మాట. నా పళ్ళు నా నోట్లోనే ఉన్నాయి.

మొదటి పది చుట్లూ నాకేమీ గుర్తులేదు, ముందున్న అమ్మాయి వీపు మీద నంబరు తప్ప. నలభై ఒకటి. వాళ్ళు మలుపుల్లో మాట్లాడుకుంటున్నారు మావయ్యా! నేను ఊపిరి వెతుక్కుంటుంటే వాళ్ళు ఎవరిదో కొత్త ఇల్లు గురించి చెప్పుకుంటున్నారు. ఇరవై చుట్లయ్యేసరికి మా ఆరుగురిలో నలుగురిని జెండా మనిషి పక్కకి లాగేశాడు. ఐదో ఆమె తనే దిగిపోయింది. ప్రతి మలుపులోనూ నా కళ్ళు దారి మీద ఒకసారి, నీ టైరు మీద ఒకసారి.

ఇరవై తొమ్మిదో చుట్టు, బేకరీ మూల. ముందు ఎవరో మురుగు మూత మీద జారారు. ఏడెనిమిది మంది ఒకరి మీద ఒకరు. నేను బ్రేకు నొక్కి రాతి గట్టు వైపు తిప్పాను. ముందు చక్రం గట్టుకి కొట్టుకుంది. రిమ్ము కంచం అంచులా వంగిపోయింది. పడలేదు. టైరు వెంట్రుకంత కూడా కదల్లేదు. అది ఆ క్షణంలో ఊడి ఉంటే నేను ఆ గుట్ట మీద తలతో దిగేదాన్ని.

చక్రం పాడైనవాళ్ళకి ఈ పందెంలో ఒక చుట్టు మాఫీ. మరమ్మతు చోటుకి పరిగెత్తాను. ఒక జట్టు మెకానిక్కు వేరే చక్రం వేసి తోశాడు. మళ్ళీ గుంపులో పడ్డాను. చివరిదాన్ని. కానీ పందెం పూర్తిచేసినవాళ్ళలో చివరిదాన్ని. తేడా ఎంతో నీకు తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. తర్వాత ఆ మెకానిక్కు నీ టైరు విప్పబోయాడు. రాలేదు. ఇద్దరు పట్టుకుని లాగారు. రాలేదు. "ఇది ఎవరు అంటించారు? విడదీసే ఉద్దేశం లేదా ఆయనకి?" అన్నాడు. చివరికి కోసి తీశారు. ఆ ముక్కా, వెనక చక్రం నుంచి గీకిన ముక్కా ఇవాళ లాబుకి తీసుకెళ్ళి భూతద్దం కింద పెట్టాను. పంటి తెలుపులో పదహారు ఛాయలు చూడగలిగే కళ్ళు నావి. ఒక్కో పూత మీద ఒక్క రోజు దుమ్ము, సన్నటి గీతలా ఉంది. వెనక చక్రానికి మూడు. ముందు చక్రానికి ఎనిమిది.

ఒకటి కాదు, సున్నా కాదు, ఎనిమిది.

నీకు మరుపే అయితే రెండు చక్రాలకీ ఉండాలిగా? ముందుదానికే ఎందుకు? వెనక చక్రాల కొక్కేలు పైన దూలానికి. ముందు చక్రాలవి మెట్ల పక్కన. నీకంటే ముందు లేచి ఆ మెట్లు దిగేది ఎవరు?

అమ్మ చెయ్యి ఎంత ఎత్తు అందుతుంది మావయ్యా?

పిచ్చుక

*

మార్చి 7

పిచ్చుకా,

నీ ఒకటో తారీఖు ఉత్తరం నాలుగున వచ్చింది. తర్వాతది ఆరున. ఆ మధ్య రెండు రోజులు నేను మనిషిని కాను. ఏదైనా అయితే కబురొచ్చేదే కదా అని ప్లంబరు చెప్తూనే ఉన్నాడు. వినపడనట్టు నటించాను.

నిన్న మీ అమ్మ బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి, "అక్కా, నీ చెయ్యి ఎంత ఎత్తు అందుతుంది?" అనడిగాను.

"నీ చెంప దాకా అందుతుంది. ఏం?" అంది.

నీ ఉత్తరం ముందు పెట్టాను. చదివింది. గట్టుకి కొట్టుకున్న చోట రెండుసార్లు చదివినట్టుంది, వేలు అక్కడే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"సోమ, మంగళ, బుధ, గురు," అంది. "నాలుగు పొద్దులు. రెండో కొక్కెం నుంచి మొదటిదానికి మార్చాను. వెనకది అందలేదు, స్టూలెక్కితే మోకాలు పట్టేస్తుంది. ఒక్క చక్రం లేకపోయినా బండి నడవదుగా, పందెం రోజు దాటిపోతుందనుకున్నా."

"నేను డాక్టరు దగ్గరికి వెళ్తే బయట బల్ల మీద కూర్చున్నావు కదక్కా?"

"ఆ తలుపు సరిగ్గా పడదు. అంతా వినపడింది."

"అప్పుడైనా చెప్పొచ్చుగా! రెండు వారాలు నాకు ముద్ద దిగలేదు."

"నువ్వు భయపడితే దాన్ని ఆపుతావనుకున్నా," అంది. ఆగి, "నీ మతి పోయిందనుకుంటే పోయిందేముందిరా. దాని తల పగలకుండా ఉంటే చాలనుకున్నా," అంది.

అరవై ఆరేళ్ళుగా ఈమె తమ్ముణ్ణి. వరసలో నేనెక్కడ నిలబడ్డానో నిన్న తెలిసింది. నీ తల వెనకాల. ఆ చోటు న్యాయమైనదే, గొడవ పెట్టుకోను. మాటలు మాత్రం ఇంకా లేవు, కంచం చప్పుడు చేస్తూ పెడుతోంది, నేను చప్పుడు చేస్తూ తింటున్నాను. తను మార్చిన నాలుగుసార్లూ నీ టైరు కింద నాలుగు పూతలయ్యాయని నేను చెప్పలేదు. తనే అర్థం చేసుకుంది. బట్టలు మడత మధ్యలో వదిలేసి వెళ్ళిపోయింది.

ఇక్కడితో సంతకం పెట్టేసి ఉండాల్సింది. కానీ పొద్దున కొట్టు తెరిచి లెక్క వేశాను. మామూలుగా మూడు పూతలు. మీ అమ్మ వెనక్కి మార్చిన నాలుగుసార్లకి నాలుగు. ఏడు.

నువ్వు ఎనిమిదన్నావు.

శుక్ర, శనివారాల్లో మీ అమ్మ మీ పిన్ని దగ్గరుంది. ఇంట్లో నేనొక్కడినే. ఆ ఎనిమిదోది అప్పుడే పడి ఉండాలి. ఇంకొకటి. ఒకే కథ రెండుసార్లు చెప్పి దెప్పానన్నావు. దెప్పలేదమ్మా. మొదటిసారి రాసినట్టు నాకు గుర్తులేదు. ఇప్పటికీ లేదు.

పాత జిగురుని ఒక పూత కింద లెక్కపెట్టావేమో. ఇంకోసారి చూడు. ఏడైనా రాయి, ఎనిమిదైనా రాయి. నన్ను మంచి చేసుకోవడానికి మాత్రం రాయకు.

మావయ్య

*

మార్చి 11

మావయ్యా,

మూడుసార్లు లెక్కపెట్టాను. తర్వాత, ఏమీ చెప్పకుండా, పక్క బల్ల మీద పనిచేసే ఆవిడతో లెక్కపెట్టించాను. పాత జిగురు పసుపు, నీ పూతలు ముదురు గోధుమ రంగు. పాతది నేను కలపలేదు.

ఎనిమిది.

లాబులో వారం సెలవు అడిగాను. శనివారం మధ్యాహ్నం బస్సుకి దిగుతాను. సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం, లోపలికి నేనూ వస్తాను. అమ్మ కూడా లోపలే కూర్చోవాలి, బయట బల్ల మీద కాదు. అప్పటిదాకా జిగురు డబ్బా ముట్టుకోకు. స్పోకులు బిగించుకో, బెండు తీసుకో, నీ చేతులకి ఏమీ కాలేదు.

భయంగా ఉంది. నీకు కూడా ఉంటుంది. ఇద్దరం కలిసి భయపడదాం, అమ్మతో ముగ్గురం.

నీ పిచ్చుక